గిన్నె లాక్కునే చెయ్యి

నేను నర్సింగ్ స్కూల్లో పాఠం చెబుతాను. పుట్టిన పిల్లల్ని ఎలా ఎత్తుకోవాలి, పాలెలా పట్టాలి అన్న పాఠం మొదలుపెట్టే రోజున పుస్తకం తెరవను, ఎవరి చేతికీ బొమ్మనివ్వను. అమ్మాయిల్ని ఇద్దరిద్దరిగా జత చేస్తాను. ఒకమ్మాయి చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చోవాలి, రెండో అమ్మాయి ఆ కాళ్ళ మీద వెల్లకిలా పడుకుని తన ముక్కు తానే మూసుకోవాలి. కూర్చున్న అమ్మాయి చెంచాడు నీళ్ళు ఆమె నోట్లో పోయాలి. పొలమారి, కళ్ళనీళ్ళ పర్యంతమై, లేచి కూర్చుని దగ్గుతుంటే అప్పుడు అడుగుతాను. "నువ్వు లేచి కూర్చున్నావు. మూడు రోజుల పిల్ల లేచి కూర్చోగలదా?"

ఏటా ఎవరో ఒకరు ప్రిన్సిపాల్ దగ్గరికెళ్ళి నా మీద ఫిర్యాదు చేస్తారు. చేసుకోనీ. అరగంట ఉపన్యాసం చెబితే గంటలో మర్చిపోతారు, ఒకసారి పొలమారితే చచ్చేదాకా మర్చిపోరు.

ఎందుకంటే మన ఇళ్ళలో పిల్లలకి పాలు పట్టే పద్ధతి అదే. ఇంట్లో పెద్దావిడ గోడకి చేరబడి కాళ్ళు చాపుతుంది. పిల్లని ఆ కాళ్ళ మధ్య పల్లంలో పడుకోబెడుతుంది. ముక్కు ఉన్న చిన్న ఉగ్గుగిన్నె పిల్ల నోట్లో పెట్టి వంచేస్తుంది. పిల్ల మింగకపోతే రెండు వేళ్ళతో ముక్కు నొక్కుతుంది. ఊపిరి కోసం నోరు తెరుస్తుంది కదా, అప్పుడు దిగిపోతాయి పాలు. ఎక్కడికి దిగాయో ఆవిడకి అక్కర్లేదు. గిన్నె తప్పు కాదు, నేనూ గిన్నెతోనే నేర్పుతాను. పిల్ల పూర్తిగా మేలుకుని ఉండాలి. చెయ్యి మెడకీ భుజాలకీ కింద ఉండాలి, తల వెనక నొక్కకూడదు. ఒళ్ళో నిటారుగా, కొంచెం వెనక్కి వాల్చి కూర్చోబెట్టాలి. గిన్నె కొసని కింది పెదవి మీద ఆనించి ఊరుకోవాలి. పాలు పెదవికి తగిలితే పిల్లే నాలుకతో అందుకుంటుంది. మనం పొయ్యం. అది తాగుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా తెలియడానికి నాకొక జీవితం పట్టింది, అది నాకు తెలిసేలా చేసిన మనిషిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. మా నాన్న పోర్టులో కళాసీ, మాది మల్కాపురం. నర్సింగ్ రెండో సంవత్సరంలో నన్ను పిల్లల వార్డులో వేశారు. ఆ వార్డు హెడ్ సిస్టర్‌ది గోదావరి వైపు. ఇస్త్రీ మడత చెడని చీర, తేనె పూసినట్టుండే మాట. ఆమెకొక అలవాటుండేది. మేం ఏ పని చేస్తున్నా సగంలో చేతిలోంచి లాక్కుని, "అలా కాదమ్మా, ఇలా" అని చూపించేది. సూదైనా, పక్కదుప్పటైనా, ఉగ్గుగిన్నైనా అంతే. పాఠం చెప్పేటప్పుడు నోటితో "తల ఎత్తి పట్టాలండీ" అనేది. తొందరలో ఉన్నప్పుడు మాత్రం ఎత్తు తక్కువ స్టూలు మీద కూర్చుని, కాళ్ళు చాపి, పిల్లని వాటి మీద పడుకోబెట్టి గిన్నె వంచేసేది. ఇరవై మంది పిల్లలున్నారు, ఒక్కొక్కరి దగ్గరా అరగంట కూర్చుంటే సాయంత్రమైపోతుందని ఆమె లెక్క.

ఒకరోజు పొద్దున్న నేనొక ఆడపిల్లకి పాలు పడుతున్నాను. బరువు తక్కువ పిల్ల, నెమ్మదిగా తాగుతోంది. హెడ్ సిస్టర్ వచ్చి నా చేతిలోంచి పిల్లనీ గిన్నెనీ లాక్కుంది. కాళ్ళ మీద వేసుకుంది, పోసింది. పిల్ల మింగలేదు. ముక్కు నొక్కి మళ్ళీ పోసింది. పిల్ల ఒక్కసారి ఎగిరిపడింది, ఆ తర్వాత కదలలేదు. పెదవుల చుట్టూ నీలం పాకింది. నేను నోరు తెరిచేలోగా ఆమె పిల్లని నా చేతుల్లో కుక్కి, గిన్నె కూడా నా చేతిలోనే పెట్టి, "డాక్టరు గారండీ!" అని అరుస్తూ బయటికి పరుగెత్తింది. డాక్టరు వచ్చేసరికి ఏం కనిపించింది? నేను, నా చేతిలో నీలంగా పిల్ల, ఇంకో చేతిలో గిన్నె.

పిల్ల బతికింది. డాక్టరు బోర్లా తిప్పి వీపు మీద తట్టి, గొట్టంతో పాలు లాగితే ఏడ్చింది. తొమ్మిది రోజుల తర్వాత ఇంటికి వెళ్ళింది. కానీ ఆ పొద్దున్నే వాళ్ళమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి నా చెంప మీద కొట్టింది. "నా గుంటని సంపీద్దామనుకున్నావేటే నువ్వు?" అంది. పెందుర్తి నుంచి వచ్చిన మనిషి, కాన్పై నాలుగు రోజులు. ఆవిడ మీద నాకు కోపం లేదు. నేనైనా కొట్టేదాన్ని.

హెడ్ సిస్టర్ నన్ను తన గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, కాఫీ ఇచ్చింది. క్షమాపణ ఉత్తరం ఆమె చెబుతుంటే నేను రాశాను. "నేను పక్కన లేనప్పుడు తొందరపడ్డానని రాయమ్మా. కొత్తపిల్లవి, నిన్నెవరూ ఏమీ అనరు. నాకైతే ఉద్యోగం పోతుంది. నీ సంగతి నేను చూసుకుంటానుగా" అంది. చూసుకుంది. నన్ను ఆర్నెల్లు వెనక్కి వేశారు. నాన్నని స్కూలుకి పిలిపించారు. డ్యూటీ బట్టల్లోనే వచ్చి, అరగంట నిలబడి వాళ్ళు చెప్పిందంతా విన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒక్క మాట అడిగాడు. "నువ్వు సెయ్యనప్పుడు ఎందుకు రాసిచ్చీసేవమ్మా?" మా వీధిలో చాలా ఏళ్ళు నన్ను 'పిల్లని సంపబోయిన నర్సు' అనే అనుకునేవారు.

అప్పటి నుంచి నాకొక పని దొరికింది. ఆమె ఏం చేస్తోందో తెలుసుకోవడం. ఆమె ట్యూటరైంది, వైస్ ప్రిన్సిపాలైంది, ప్రిన్సిపాలై రిటైరైంది. ఏ సన్మానంలో శాలువా కప్పినా ఆ ఫోటో ఎవరో ఒకరి ఫోన్లో నాకు కనిపించేది. ఇరవై రెండేళ్ళు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమెతో మనసులో పోట్లాడాను. ప్రతిసారీ నేనే గెలిచేదాన్ని. ఆ కసి ఊరికే పోలేదు, నేను మంచి ట్యూటర్నవడానికి అదే కారణం. వేరేవాళ్ళు చార్టు చూపించి చెప్పే పాఠానికి నేను బొమ్మ చేశాను. ప్లాస్టిక్ బొమ్మ గొంతు కోసి, సెలైన్ సీసా గొట్టాలు రెండు అమర్చాను. ఒకటి పొట్టలోకి, ఒకటి రొమ్ములోకి. రొమ్ములో పారదర్శకమైన సంచి, అందులో చిటికెడు నీలిమందు. బొమ్మని కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పడితే నీళ్ళు పొట్టలోకి పోతాయి. పడుకోబెట్టి పోస్తే రొమ్ము నీలమైపోతుంది. ఎన్నిసార్లు చెడిపోయిందో, ఎన్నిసార్లు మళ్ళీ అతికించానో లెక్కలేదు.

నిరుడు ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షకి బయటి నుంచి ఎవరొస్తున్నారో కాగితం వచ్చింది. ఆమె పేరే. చదివి నవ్వాను. పక్క బల్ల దగ్గరున్న వైస్ ప్రిన్సిపాల్ మేడమ్ ఏమైందని అడిగితే, ఏం లేదు, పాత టీచరుగారని చెప్పాను.

ఆ వారమంతా నాకు పండగే. పిల్లలకి పాలు పట్టే బల్లని వరసలో చివర పెట్టించాను, సరిగ్గా భోజనానికి ముందు వచ్చేలా. ఆకలి, తొందర ఉంటే నోటికొచ్చిన పాఠం పోయి చేతికొచ్చిన అలవాటు బయటపడుతుందని నాకు తెలుసు. మామూలు కుర్చీ తీసేయించి, ఎత్తు తక్కువ స్టూలు వేయించాను. కూర్చుంటే కాళ్ళు చాపుకోక తప్పదు. బాలింతల వార్డు నుంచి ఇద్దరు తల్లుల్ని, ఒక అమ్మమ్మని 'చూసి నేర్చుకోవడానికి' పిలిచి గోడ పక్కన కూర్చోబెట్టాను. ఇంక కావలసింది ఒక నోరు.

ఆ నోరు అచ్యుతాపురం అమ్మాయిది. మా బ్యాచిలో అందరికంటే నెమ్మదైన చెయ్యి, అందరికంటే పెద్ద నోరు ఆ పిల్లవే. వాళ్ళమ్మ రొయ్యల కంపెనీలో రోజంతా ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలుస్తుంది. వేళ్ళు తెల్లగా నానిపోయి ఉంటాయని ఆ పిల్ల ఒకసారి చెప్పింది. పరీక్ష పాసైతే ఫలితాలు రాగానే ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో ఉద్యోగం ఖాయం. తప్పితే తల్లితో పాటు కంపెనీకే రమ్మన్నారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఆ పిల్లని ఎంచుకున్నాను.

మనం మనం అనుకున్నప్పుడు నేను మా మాటలోకి దిగుతాను. పరీక్షకి ముందు రోజు మధ్యాహ్నం ఆ పిల్లని పక్కకి పిలిచాను.

"ఆవిడ నీ సేతిలోంచి గిన్నె లాక్కుంటాది సూడు. పడుకోబెట్టి పోత్తే, సెయ్యి పట్టుకుని ఆపీ. అందరికీ వినపడేలాగ తప్పని సెప్పు."

"ఓలమ్మో! ఆవిడ ఎగ్జామినర్ కదా మేడమ్. మార్కులెయ్యకపోతేటి?"

"తప్పుని తప్పనడానికి బయమేటే? నీ సంగతి నాను సూసుకుంటాను గదా."

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో! ఎక్కడ విన్నానో అప్పుడు తట్టలేదు. ఆ పిల్ల మాత్రం నమ్మింది. నేను చెబితే ఏదైనా నమ్మేది.

పరీక్ష రోజు ఆమె కారు దిగింది. ముసలిదైపోయింది, మోకాళ్ళు పట్టేశాయి. చీర మడత మాత్రం అలాగే ఉంది. నేను నమస్కారం పెట్టాను. "బాగున్నావామ్మా" అంది, ఎవరినైనా అన్నట్టే. సర్లే, సాయంత్రానికి బాగా గుర్తుంటానులే అనుకున్నాను.

ఒంటిగంట దాటాక మా బల్ల దగ్గరికి వచ్చింది. అచ్యుతాపురం అమ్మాయి చేతులు కడుక్కుని, బొమ్మని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గడ్డం కింద గుడ్డ పెట్టి, గిన్నె కొస పెదవికి ఆనించింది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమె రెండు నిమిషాలు చూసింది, గడియారం చూసుకుంది. చెయ్యి చాపింది. నా గుండె ఆగిపోయింది, సంతోషంతో.

"ఇంత నెమ్మదైతే ఎలాగమ్మా? లే, ఇలా" అని స్టూలు మీద కూర్చుంది. కాళ్ళు చాపింది. ఇరవై రెండేళ్ళ నాటి కాళ్ళే. బొమ్మని వాటి మీద పడుకోబెట్టి గిన్నె వంచింది. రెండు వేళ్ళు బొమ్మ ముక్కు మీదికి వాటంతటవే వెళ్ళాయి.

"మేడమ్, ఆపండి!" ఆ పిల్ల ఆమె మణికట్టు పట్టుకుంది. "ఇది తప్పండి. ఇలగ పోత్తే పాలు ఊపిరితిత్తుల్లోకి ఎల్లిపోతాయి. సూడండి."

అందరూ చూశారు. బొమ్మ రొమ్ములో సంచి నీలంగా ఉబ్బుతోంది. గోడ పక్కన కూర్చున్న బాలింతల్లో ఒకామె పకపకా నవ్వింది. "మా అత్త కూడా ఇలగే పోత్తాది! సదూకున్నోళ్ళూ అంతేటి?" అంది. అమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ప్రిన్సిపాల్ నేల చూస్తున్నాడు. ఆమె మొహంలో రక్తం దిగిపోవడం నేను దగ్గర నుంచి చూశాను. దాహమేసినవాడు నీళ్ళు తాగినట్టు చూశాను. అబద్ధమెందుకు, నా జీవితంలో అంత తృప్తి ఎప్పుడూ లేదు.

ఆమె నెమ్మదిగా లేచి చీర సర్దుకుంది. "ఇలా మాట్లాడమని నీకెవరు నేర్పారమ్మా?" అని అడిగింది. గొంతులో తేనె అలాగే ఉంది.

ఆ పిల్ల నా వైపు చూసింది. ఒక్క క్షణమే. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"ఎవులూ నేర్పలేదండి. నాకే తెలుసు" అంది.

భోజనాల వేళ వైస్ ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను మెట్ల దగ్గర పట్టుకుంది. "ఆ పిల్లకి సున్నా వేసిందే! పరీక్షకురాలి మీద చెయ్యి వేసిందని పక్కన రాసింది కూడాను. పాసవదు. కవరు ఇంకా అంటించలేదు, నీ పాత టీచరన్నావుగా, వెళ్ళి మాట్లాడు" అంది.

వెళ్ళాను. రెండే వాక్యాలు అనుకుని వెళ్ళాను. ఆ పిల్ల నేను చెప్పమంటేనే చెప్పింది. శిక్ష వెయ్యాలంటే నాకు వెయ్యండి. మెట్లెక్కుతూ నాలుగుసార్లు అనుకున్నాను.

ప్రిన్సిపాల్ గదిలో ఆమె ఒక్కతే పెరుగన్నం తింటోంది. మార్కుల కాగితం పక్కనే ఉంది, దాని మీద కవరు, పక్కన గమ్ సీసా. నన్ను చూసి నవ్వింది. "రామ్మా, కూర్చో. ఆ బొమ్మ నువ్వే చేశావటగా? చాలా బాగుంది. మా రోజుల్లో ఇలాంటివి లేవు" అంది.

మెచ్చుకుంది! నన్ను! దాంతో ఆ రెండు వాక్యాలూ ఎటుపోయాయో తెలియదు. వార్డు పేరు చెప్పాను, సంవత్సరం చెప్పాను, పిల్ల సంగతి, కాఫీ సంగతి, ఉత్తరం సంగతి చెప్పాను. డ్యూటీ బట్టల్లో నిలబడ్డ మా నాన్న సంగతి చెప్పాను. గొంతు ఎండిపోయేదాకా చెప్పాను. ఆమె ముద్ద కలపడం ఆపి విన్నది. నుదురు ముడిచి, కళ్ళు చిన్నవి చేసుకుని గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించింది. అబద్ధమాడే మొహాలు నేను చాలా చూశాను, ఆ మొహం అది కాదు.

"గుర్తు రావడంలేదమ్మా" అంది చివరికి. "ఆ వార్డులో ఎంతమంది పిల్లలు, ఎంతమంది స్టూడెంట్లు. నేనలా చేసి ఉంటే తప్పేనమ్మా. క్షమించు."

ఇరవై రెండేళ్ళుగా నేను అడుగుతున్న మాట అదే. తీరా ఇచ్చేసరికి అందులో ఏమీ లేదు. ఎవరి కాలో తొక్కినప్పుడు అనే మాటలా అనేసింది.

చెయ్యి కడుక్కుని వచ్చి, కాగితం మడిచి కవర్లో పెట్టింది. గమ్ సీసా మూత తీసి ఆగింది. "ఇంకేమైనా చెప్పాలా అమ్మా?" అని అడిగింది.

నాకు బాగా గుర్తు. అడిగింది, ఆగింది, నా మొహంలోకి చూసింది. అప్పుడు నేను నోరు విప్పితే ఏమవుతుందో నాకు క్షణంలో అర్థమైంది. స్టూలు, చివరి బల్ల, బాలింతలు అన్నీ బయటపడతాయి. అంతసేపూ న్యాయం అడిగిన మనిషిని కాస్తా పన్నాగం పన్నిన మనిషినవుతాను. ఆమె చెప్పిన క్షమాపణ, ఆ ఖాళీ క్షమాపణ కూడా, వెనక్కి పోతుంది. నా ఉద్యోగమూ పోవచ్చు.

"లేదు మేడమ్" అన్నాను.

ఆమె గమ్ రాసి, కవరు నోరు మూసి, అరచేత్తో రెండుసార్లు అద్దింది.

నేను కిందికి దిగేసరికి అచ్యుతాపురం అమ్మాయి మెట్ల కింద నిలబడి ఉంది. భోజనం చెయ్యలేదు. సున్నా సంగతీ, నేను మాట్లాడ్డానికి పైకి వెళ్ళిన సంగతీ ఎవరో చెప్పేసినట్టున్నారు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూడగానే ఎదురొచ్చింది.

"సెప్పేరా మేడమ్?"

"సెప్పేనమ్మా" అన్నాను.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, వంగి నా కాళ్ళకి దండం పెట్టింది. ఫలితాలు రావడానికి ఇంకా నలభై రోజులున్నాయి. ఆ నలభై రోజులూ నన్ను నమ్మింది.